ఎంగిలి చేయమన్న మామ

మా మామ పోయాడన్న కబురు నాకు బేతంచెర్ల రోడ్డు మీద అందింది. రెండు పక్కలా నిండు పాల క్యాన్లు వేలాడుతున్న సైకిల్ మీద ఉన్నాను. నడుముకు కట్టుకున్న సంచిలో ఫోన్ మోగుతోంది. ఆపలేను. ఆ బరువుతో సైకిల్ ఆపితే, ఆనించడానికి గోడైనా ఉండాలి, మళ్లీ ఎక్కాక వెనక నుంచి తోయడానికి మనిషైనా ఉండాలి. ఆ రోడ్డు మీద రెండూ లేవు. ఫోన్ ఆగి మళ్లీ మోగింది. ఎందుకు మోగుతోందో నాకు తెలుసు. ఏడుస్తూనే తొక్కుకుంటూ టీ కొట్టు గోడ దాకా పోయి ఎత్తితే, మా ఆయన ఒక్కటే అన్నాడు: "నాయన పోయినాడు. ఇంటికి రా."

ఆదివారం చర్చిలో మామ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, మళ్లీ కూర్చుండిపోయాను. నేనేమీ నోరు లేనిదాన్ని కాదు, మా వీధిలో ఎవరినైనా అడగండి. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పాల రూటు మామది. మోకాళ్లు మొరాయించాక నేను తీసుకున్నాను. మధ్యాహ్నం పిండిన పాలు విరగకముందే హోటళ్లకు చేరాలి. ఎండాకాలం ఆ వేళకు ఆ దారంతా నాపరాళ్ల లారీలు, దుమ్ము, నెత్తిన నిప్పులు. మొదటి వేసవిలోనే దాహానికి కళ్లు తిరిగి పడిపోయాను. పాలన్నీ రోడ్డు తాగేసింది.

మా ఆయన ఆ పూటే తేల్చేశాడు. "సాలు. సైకిలు అమ్మేసి నాతో పాటు పాలిష్ ఫ్యాక్టరీకి రా."

రాళ్లు కోసే ఆ మోతలో, ఆ తడి బురదలో, మేస్త్రీ కసుర్లు వింటూ పొద్దంతా నిలబడాలా? నా వల్ల కాదు. సైకిల్ మీద నాకు నేనే మేస్త్రీని. ఆ రూటు పోతుందంటే నాకు అన్నం సహించలేదు.

మామే అడ్డుపడ్డాడు. "ఆయమ్మ పడింది ఎండకు కాదప్పా, నీళ్లు తాగక. తొక్కతా తాగేది నేర్పిస్తా. అది రాకపోతే నేనే సైకిలు అమ్మేస్తా."

మామ బాటిల్‌కు గోనెగుడ్డ తొడుగు ఉండేది. దాన్ని తడిపి హ్యాండిల్‌కు వేలాడదీసేవాడు. మూతకు దారం కట్టి, బొటనవేలితో తోస్తే ఊడేలా వదులుగా పెట్టేవాడు. మరునాడు దాన్ని నా హ్యాండిల్‌కు తగిలించి, ఎవరి సైకిలో అడిగి తెచ్చుకుని, ఆ మోకాళ్లతోనే నా వెనక వచ్చాడు.

"తొక్కేది ఆపొద్దు. ఆపినావంటే బరువు నిన్ను తొక్కుతాది. ఊ, తాగు!"

ఒక చెయ్యి వదిలాను. హ్యాండిల్ వణికింది. బాటిల్ పైకెత్తి, తల వెనక్కి వాల్చి, నోట్లో పోసుకున్నాను. నీళ్లు ముక్కులోకి పోయాయి. దగ్గు ముంచుకొచ్చింది. కళ్ల ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. ఎదురుగా లారీ హారన్.

"ఎడమకి! ఎడమకి తిప్పు!"

తిప్పాను. లారీ గాలి నా కొంగును లాగి వదిలింది. ఎలా నిలదొక్కుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. టీ కొట్టు గోడ దగ్గర ఆగేసరికి మామ రొప్పుతూ వచ్చాడు.

"ఆకాశంలో ఏముండాదమ్మా? సూపు రోడ్డు మీదుండల్ల! మూతి పెట్టి తాగు!"

"నీ బాటిల్ మామా. ఎంగిలవుతాది."

మా ఇళ్లలో చెంబైనా బాటిలైనా ఎత్తి పోసుకునే తాగుతాం. అందులోనూ మామ బాటిల్‌కు కోడలు మూతి పెట్టడమా? మా అమ్మ వింటే వీపు చీరేసేది.

"ఎంగిలి కడిగితే పోతాది. పాణం పోతే యాడ తెస్తావు? ఇంకమీదట ఇది నీ బాటిలే. చెయ్యమ్మా ఎంగిలి!"

మళ్లీ సైకిలెక్కి, తొక్కుతూనే ఈసారి మూతి పెట్టాను. ఎదురుగా ఇంకో లారీ వస్తోంది. దాని మీంచి చూపు తిప్పలేదు. నీళ్లు గోనె వాసన వేశాయి. గుటక దిగింది. వెనక నుంచి మామ కేక: "అట్లా! అట్లా నా తల్లీ!"

ఇంటికి రాగానే కొడుకుతో, "సైకిలు అమ్మేది లేదు" అనేసి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆ బాటిల్‌తో మళ్లీ తాగలేదు. నేను రూటు నుంచి వస్తే మాత్రం దాన్ని ఊపి చూసేవాడు. నీళ్లు మిగిలుంటే అయిపోయానే నేను! "ఏమ్మా, మళ్ల పడేకి చూస్తాండావా?"

మామ మంచం పట్టాక, ఆఖరి రోజు మధ్యాహ్నం నేను బయలుదేరుతుంటే దాహమన్నాడు. గ్లాసు ఇస్తే ఎత్తి పోసుకోబోయాడు, అలవాటు కదా. నీళ్లన్నీ మెడ మీద పడ్డాయి. పొలమారి ఊపిరాడలేదు. నేను భయపడి చేతికందిన నా బాటిల్ నోటి దగ్గర పెట్టాను. పెదాలు బిగించాడు.

"నీది," అన్నాడు.

"మూతి పెట్టు మామా. ఎంగిలి కడిగితే పోతాది."

ఆయన నవ్వాడనే నేను అనుకుంటున్నాను. మూతి పెట్టి మెల్లగా తాగాడు. నేనక్కడే కూర్చోబోతే చేత్తో తోశాడు. "పో. పాలు ఆగవు."

ఆ పూటే రోడ్డు మీద ఫోన్ మోగుతున్నప్పుడు హ్యాండిల్‌కు ఆ బాటిలే వేలాడుతోంది. కడగలేదు. నా గొంతు ఎండిపోయింది, ఎదురుగా లారీ వస్తోంది. బొటనవేలితో మూత తోసి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, మూతి పెట్టి తాగాను.