సియెనాలో వదిలేసిన బూట్లు

మా ఆయనకు ప్రశ్నల జబ్బు ఉండేది. పెళ్ళయిన కొత్తలో గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు బ్యారేజీ మీదికి రాగానే, పక్కన కొత్త పెళ్ళాం ఉందన్న ధ్యాస కూడా లేకుండా, ఈ గేట్లు ఎత్తేదెవరు, అర్ధరాత్రి వరదొస్తే వాళ్ళని లేపేదెవరు అని కండక్టర్‌ని అడిగిన మనిషి. సివిల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డారు గానీ, నీళ్ళ మీద మోజు మాత్రం పోలేదు. సిడ్నీ వచ్చాక హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళే ప్రతిసారీ ఆ అడవి దారిలో ఏదో ఒక తూము దగ్గర కారు ఆపేవారు. దిగి, తొంగిచూసి, తల ఊపుకుంటూ వచ్చేవారు. "ముందు బండి పోనివ్వండి, అక్కడ హారతి అయిపోతుంది" అని నేను సతాయించేదాన్ని.

పోయిన వేసవిలో ఆఫీసు వాళ్ళు ఆయన ఉద్యోగం తీసేశారు. పొజిషన్ రిడండెంట్ అయిందన్నారు, ఒక కేకు కోశారు, పంపేశారు. ఆ తర్వాత కెల్లీవిల్‌లోని మా ఇల్లు మూగబోయింది. అమ్మాయి యూనివర్సిటీ దగ్గరే ఉంటుంది, ఇంట్లో మేమిద్దరమే. ఈయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆఫీసు నల్ల బూట్లకు పాలిష్ పెట్టి గుమ్మం పక్కన పెట్టేవారు. ఎక్కడికీ వెళ్ళేది లేదు. బెల్లం కొట్టిన రాయిలా సోఫాలో కూర్చునేవారు.

పెళ్ళయి పాతికేళ్ళవుతోందని ఇటలీకి టికెట్లు అంతకుముందే కొనుక్కున్నాం. "ఇప్పుడు హాలిడే ఏంటి, కేన్సిల్ చేద్దాం" అన్నారు.

"మీరు రాకపోతే మానండి. నేనొక్కదాన్నే పోతా, ఫొటోలు పంపుతా" అన్నాను. నా కోపం సంగతి ఆయనకు తెలుసు. సూట్‌కేసు దించారు.

రోమ్‌కు ఆ నల్ల బూట్లే వేసుకొచ్చారు. పూర్వం వేలమంది కూర్చుని కత్తియుద్ధాలు చూసిన ఆ గుండ్రటి రంగస్థలంలో నిలబడి గైడు ఏమైనా సందేహాలా అంటే, గుంపులో అందరూ ఏదో ఒకటి అడిగారు. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. ఆగలేక నేనే ఆయన చెవిలో అడిగాను, "ఏమండీ, ఇంతమంది జనం ఒక్కసారే బయటికి ఎలా వెళ్ళేవాళ్ళంటారు?"

"ఏమో" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఫ్లోరెన్స్‌లో ఇంకా ఘోరం. అక్కడి పెద్ద చర్చి మీద అంత గుమ్మటాన్ని కింద నుంచి కర్రల ఆసరా లేకుండా ఎలా కట్టారో ఈనాటికీ చర్చేనట. తల ఎత్తి చూసి, "బాగుంది" అన్నారు. ఉద్యోగం పోతే పోయింది, మనిషి కూడా పోతున్నాడా అని నాకు నిజంగా భయం వేసింది. ఆ రాత్రి హోటల్లో నేను సరిగా అన్నం తినలేదు. అక్కడ అన్నం లేదు కూడా, అది వేరే సంగతి.

మర్నాడు బస్సెక్కి సియెనా అనే కొండ ఊరికి వెళ్ళాం. ఒక సందు చివర పాత చర్చి కనిపించింది. మెట్ల దగ్గర ఇద్దరం ఏ ఆలోచనా లేకుండా కాళ్ళవి విప్పేశాం. మా గుంటూరు వైపు చర్చిలోకి కూడా చెప్పులు బయట వదిలే వెళ్తాం మరి. ఆయన మేజోళ్ళు సైతం విప్పి బూట్లలో కుక్కారు. లోపల మోకరిల్లిన ఒక ముసలావిడ మా పాదాలను చూసి శిలువ గుర్తు వేసుకుంది. అప్పటికి గానీ మేం చేసిన పని అర్థం కాలేదు.

సిగ్గుపడి ఈయన చెయ్యి లాగాను. కదల్లేదు. ఒక అడుగు ఎడమకు వేశారు, ఒకటి కుడికి. కిటికీలోంచి నేల మీద ఎండ పడుతోంది. నేలంతా నల్లరాయి, తెల్లరాయి పట్టీలు.

"నల్లరాయి వెచ్చగా ఉంది, తెల్లది చల్లగా ఉంది. నీకూ అలాగే ఉందా?" అన్నారు.

ప్రశ్న! ఎన్నో నెలల తర్వాత ఒక ప్రశ్న! "ఉందండీ" అన్నాను. నిజానికి నాకేమీ తెలియలేదు, నా మడమలు ఎప్పుడో మొద్దుబారాయి.

బయటికొస్తే మెట్ల మీద నా రబ్బరు చెప్పులు మాత్రమే ఉన్నాయి. నల్ల బూట్లు లేవు. మా ఆయన ముఖం వాడిపోయింది. "గుడి దగ్గర చెప్పులు పోతే శని పోయినట్టే. వదిలెయ్యండి" అన్నాను.

"ఇది గుడి కాదుగా."

"శనికి ఆ తేడాలు తెలుసా?"

చెప్పుల కొట్టు వెతుక్కుంటూ, ఆయన ఉత్త కాళ్ళతోనే, ఊరి మధ్య మైదానానికి వచ్చాం. ఇటుకలు పరిచిన ఆ మైదానం అచ్చం చేటలా ఉంది. నాలుగు అడుగులు వేసి ఆగారు. "ఇదంతా వాలు. కాళ్ళకు తెలుస్తోంది చూడు. ఇక్కడ పడ్డ వానంతా ఒక్కచోటికే పోవాలి. ఎక్కడికంటావ్?" అంటూ మంచినీళ్ళ సీసా మూత తీసి ఒంపారు. నీళ్ళు ఇటుకల సందుల్లో పాకాయి. వాటి వెంట ఈయన, ఈయన వెంట నేను. జనం చూస్తున్నారు. "నీ సీసా కూడా ఇటివ్వు" అన్నారు. దాహంతో నోరు ఎండుతున్నా ఇచ్చాను. చివరికి మైదానం అంచున నీళ్ళు దిగే రాతి తూము దొరికింది. దాని ముందు గొంతుక్కూర్చుని, "చూశావా! చూశావా!" అన్నారు.

తర్వాత ఒక కొట్లో తోలు చెప్పులు కొన్నాం. బస్సు కోసం మళ్ళీ ఆ చర్చి మీదుగానే రావాలి. మెట్ల పక్కన, గోడ అరుగు మీద నల్ల బూట్లు ఉన్నాయి. జత కలిపి, మేజోళ్ళు లోపలే ఉంచి, దారికి అడ్డం లేకుండా ఎవరో పుణ్యాత్ములు తీసి పెట్టారు. "అవిగో" అనబోయి ఆయన వంక చూశాను. ఆయనా చూశారు.

"శని పోయిందన్నావుగా. మళ్ళీ ఎదురెళ్ళి తెచ్చుకోవడం దేనికి?" అని ముందుకు నడిచారు. కళ్ళు తుడుచుకుని నేనూ వెనకే నడిచాను.

వీడియో కాల్‌లో ఇదంతా చెబితే మా అమ్మాయి, "డాడ్, బేర్‌ఫుట్? దట్స్ సో గ్రోస్" అని అసహ్యంగా మొహం చిట్లించింది. ఆయన వెంటనే ఆ తూము ఫొటో పంపారు.

ఇంకా ఉద్యోగం రాలేదు. వెతుకుతున్నారు. మొన్న ఆదివారం హెలెన్స్‌బర్గ్ వెళ్ళాం. దర్శనం చేసుకుని వస్తే ఆయన తోలు చెప్పులు విప్పినచోటే ఉన్నాయి. "పోలేదంటే, పోవడానికి ఇంక శని మిగల్లేదన్నమాట" అని వేసుకున్నారు.

వచ్చేటప్పుడు అడవి దారిలో వాన పట్టుకుంది. "అవునూ, ఈ కొండ నీళ్ళన్నీ రోడ్డు దాటి ఎటు పోతాయంటావ్?" అన్నారు స్టీరింగ్ తిప్పుతూ.

"బండి ఆపండి, చూద్దాం" అని గొడుగు తీశాను.