ఆగిన మిషన్, ఆగని సూది

యంత్రాల నాడి పట్టే ఉద్యోగం కొత్తగా దొరికిన ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. ఒకటి యంత్రం, రెండోది మా పెద్దసారు. లోపల బేరింగు అరిగినా, ఇరుసు వంగినా బయటికి కనబడకముందే యంత్రం వణుకు మారుతుంది. ఆ వణుకును కొలిచి రోగం చెప్పడం మా పని. (డాక్టరుకూ నాకూ తేడా ఒక్కటే, నా రోగి పేలుతుంది.) మొదటిసారి నన్ను ఒంటరిగా జహనుమా బస్తీలోని ఐసు ఫ్యాక్టరీకి పంపుతూ పెద్దసారు, “నువ్వు బాగున్నదని చెప్పినంక మిషన్ పగిలితే ఆఫీసుకు రాకు. బాగున్న మిషన్‌ను ఊకె ఆపిస్తివా, గప్పుడు గూడ రాకు” అని దీవించాడు.

ఆ ఫ్యాక్టరీ యజమానిని బస్తీ వాళ్లంతా బరఫ్ చాచా, అంటే ఐసు బాబాయి, అనేవారు. ఆయన కంప్రెసర్ నా కళ్లకు ఏనుగు మీద ఇంకో ఏనుగు కూర్చున్నట్టు కనిపించింది. దాని పైపుల్లో అమ్మోనియా ఉంటుందనీ, లీకైతే ఫలక్‌నుమా దాకా మనిషన్నవాడు మిగలడనీ దారిలో ఆటో అన్న ఉచితంగా చెప్పాడు. చెవులకు కొబ్బరిచిప్పలంత మూతలు తగిలించుకుని (కంపెనీవి, పిడుగు పడినా వినబడదు) బేరింగు మీద సెన్సర్ అంటించాను. మీటరు సూది కాసేపు బుద్ధిగా ఉండి, ఉన్నట్టుండి ధనాధన్ ఎగిరింది. ఆగింది. మళ్లీ ఎగిరింది. ఇరుసు విరిగే ముందు ఇలాగే ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది.

“చాచా, జల్దీ బంద్ చెయ్యుండ్రి. మిషన్ పోతది, మనం గూడ పోతం” అని అరిచాను. చాచా పెదవులు కదిలాయి. గోడవైపు చెయ్యి చూపించాడు (పారిపోయే దారి అనుకున్నాను). రెండు చేతులూ పైకెత్తి ఊపాడు (ఆఖరి దువా అనుకున్నాను). చివరికి నా మొహం చూసి ఆయనకే దడ పుట్టి స్విచ్చు ఆపాడు. చక్రం తిరిగి తిరిగి నిలిచిపోయింది. సూది మాత్రం ఎగురుతూనే ఉంది.

చచ్చిన రోగికి నాడి కొట్టుకుంటోంది. చాచా వచ్చి నా చెవి మూతలు ఊడబీకాడు. ఒక్కసారిగా మర్ఫా డప్పుల మోత నెత్తిన పడింది. గోడ అవతల పెళ్లి. ఫ్యాక్టరీకీ ఆ ఇంటికీ ఒకటే అయిన పాత బండ నేల మీద జహనుమాలోని మగాళ్లంతా గంతులేస్తున్నారు.

“ఎప్పటిసంది జెప్తున్న బేటా, పక్కకు షాదీ ఉన్నదని. నువ్వేమో నన్ను ఖబర్‌స్తాన్‌కు తోలుతున్నవ్.”

“ఊకె ఆపించిన అని సారుకు తెలిస్తే నా నౌకరి పోతది చాచా.”

చాచా నన్ను ఎగాదిగా చూశాడు. గోడ మీదికి తల పెట్టి మర్ఫా వాళ్లను కాసేపు ఆగమని, కంప్రెసర్ నడిపాడు. సూది కొత్త కోడలిలా కదలకుండా కూర్చుంది. అప్పుడు ఆయనే పెద్దసారుకు ఫోన్ చేసి, “సాబ్, మీ పిలగాడు మస్తు హుషార్. మిషన్‌ల ఖరాబీ ఏం లేదు గని, గోడ అవతల పెండ్లిని గూడ పట్టిండు” అన్నాడు. అటునుంచి, “సరే, దావత్ తినొచ్చినంక ఆఫీసుకు రమ్మనుండ్రి” అన్న మాట వినబడింది. పెళ్లివారి విందులో బిర్యానీ తిని ఆఫీసుకు వెళ్లాను.

ఇప్పుడు సెన్సర్లను యంత్రాలకే అతికించేశారు. ఏసీ గదిలో కూర్చుని తెర మీద గీతలు చూస్తాను, భయపడే అవసరమే లేదు. ఎక్కడైనా ఒక గీత తాళం తప్పకుండా ఎగిరితే కుర్ర ఇంజినీర్లు అలారం వైపు పరుగెత్తుతారు. నేను మాత్రం ముందు ఆ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, పక్కింట్లో పెళ్లేమైనా జరుగుతోందా అని అడుగుతాను.