మెగ్లీ పొయ్యి మీదుంటేనే వచ్చే నొప్పి

ఏ పని చేసినా రాని చేయినొప్పి ఆగమ్మకు మెగ్లీ కలిపేటప్పుడు మాత్రం తప్పకుండా వచ్చేది.

మెగ్లీ అంటే లెబనాన్ వాళ్ళ పాయసం. ఆగమ్మ ఏళ్ళ తరబడి బీరూట్‌లో ఒక ఇంట్లో వంట చేసి హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి వెనక గల్లీకి తిరిగొచ్చింది. అక్కడ బిడ్డ పుడితే చూడవచ్చినవాళ్ళకు ఇదే పెడతారట. బియ్యప్పిండి, చక్కెర, షాజీరా, సోంపు, దాల్చినచెక్క పొడులు నీళ్ళలో కలిపి పొయ్యి మీద గంటసేపు తిప్పాలి. గరిటె ఆగిందా, అడుగంటుతుంది. పాలు చుక్కయినా పడవు. పాలమ్మే బాబురావుకు అదే నామోషీ.

“పాలు లేని పాయసమేందక్కా? నా బర్రెలు వింటే ఏమనుకుంటయ్?”

“వాటికి చెప్పకు.”

గల్లీలో ఎవరికి బిడ్డ పుట్టినా ఆగమ్మ వండేది. పిల్లి ఈనితే కూడా వండింది. పిండి పడగానే నొప్పి మొదలు. ఒకసారి కుడిభుజం, ఇంకోసారి ఎడమ మణికట్టు. దొరికినవాళ్ళ చేతిలో గరిటె పెట్టేది. కరెంటు మీటరు చూడవచ్చినాయనా, బిల్లు ఎక్కువొచ్చిందని ఆయనతో లొల్లి పెట్టుకున్న వైకుంఠమూ ఒకరి తర్వాత ఒకరు తిప్పి, చెరో గిన్నె తిని వెళ్ళారు.

ఈసారి బిడ్డను కన్నది శ్రీహిత, బాబురావు తమ్ముడు ఎల్లేష్ కూతురు. చిన్నప్పుడు ఆ పిల్ల సదర్ పండుగకు దున్నపోతుల ఊరేగింపు చూసిందంతా బాబురావు భుజాల మీంచే. కానీ పోయిన సదర్‌లో ఎవరి దున్నపోతు ముందు నడవాలని అన్నదమ్ములకు గొడవై మాటలు పోయాయి.

“పాప ఎవరి పోలికట?” మెగ్లీ తిప్పుతున్న ఆగమ్మకు పాలు పోస్తూ అడిగాడు బాబురావు.

“పోయి చూడరాదు?”

“పిలిస్తే పోత.”

“భుజం గుంజుతుంది తమ్మీ, జర గరిటె పట్టు.”

పట్టాడు. కాసేపటికి మెగ్లీ గిన్నెలు ఇంటికి తీసుకెళ్దామని ఎల్లేష్ వచ్చాడు. అన్నను చూసి గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు.

“ఎటు పోతున్నవ్? నీ మనవరాలి మెగ్లీ. మాడితే నాకు తెల్వదు,” అంది ఆగమ్మ.

ఎల్లేష్ గోడకానుకుని నిలబడ్డాడు. పిండి చిక్కబడింది. బాబురావు చేయి లాగేస్తోంది. పొయ్యి మీది గుండిగతో చెప్పినట్టు అన్నాడు: “ఎవరన్నా పట్టుకుంటే మంచిగుంటది.”

ఎల్లేష్ గోడతో అన్నాడు: “ఎవరన్నా అడిగితే పట్టుకుంటం.”

మెగ్లీ బుడుక్కున ఉడికి బాబురావు చేతిమీద చిందింది.

“పట్టు తమ్మీ, మాడుతుంది.”

“ఇయ్యన్నా.”

గరిటె చేయి మారింది. బాబురావు చేయి తుడుచుకున్నాడు.

“పాప ఎవరి పోలిక?”

“ముక్కు నీదే.”

“పాపం.”

ఎల్లేష్ నవ్వాడు. “ఈసారి సదర్‌ల నీ దున్ననే ముందు నడువనీ.”

“గదేంది? నీదే నడవాలె.”

“కాదన్నా, నీదే.”

“కొట్లాడుకోండ్రి గని గరిటె ఆపకుండ్రి,” అంది ఆగమ్మ.

మట్టిరంగు మెగ్లీని గిన్నెల్లో పోసి, పైన కొబ్బరి తురుము, నానిన బాదం చల్లారు. అన్నదమ్ములు తాంబాళం చెరోవైపు పట్టుకుని పాపను చూడటానికి వెళ్ళారు.

పాలక్యాను మరిచిపోయిన బాబురావు గల్లీ మలుపు నుంచే వెనక్కి వచ్చాడు. ఆగమ్మ ఆ బరువైన గుండిగను ఒంటిచేత్తో ఎత్తి నల్లా దగ్గరికి తీసుకెళ్తోంది.

“అక్కా, భుజం?”

“మీరు పోంగనే తగ్గింది.”

బాబురావు గుండిగను చూశాడు, ఆమెను చూశాడు. నవ్వాపుకున్నాడు. “మళ్ళ ఎప్పుడు నొస్తదో?”

“వైకుంఠం కోడలికి నెలలు నిండినయ్. వైకుంఠానికి, వియ్యంకునికి మాటల్లేవట.” ఆగమ్మ గుండిగ దించి చేయి నిమురుకుంది. “ఈసారి మణికట్టు అనిపిస్తుంది.”