బాలవ్వ ముందర అర్రలోకి వచ్చిన రోజు

చెన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో అనసూర్యను అందరూ ‘నర్సక్క’ అంటారు. ఇక నయం కాదని ఆసుపత్రులు పంపేసిన రోగులను ఇళ్లకు వెళ్లి చూసుకోవడం ఆమె పని. ఆరేళ్ల కింద ఆమె భర్త సంపత్, బొగ్గుబాయి కార్మికుడు, కేన్సర్‌తో పోయాడు. ఆఖరి నెలంతా నొప్పికి అరుస్తూనే ఉన్నాడు. ఆ నొప్పి తగ్గించే మందు ఉందని ఆమెకు ఏడాది తర్వాత తెలిసింది. ఆ రోజంతా ఏడ్చి, మర్నాడు ఇలాంటి రోగులను చూసుకునే శిక్షణకు పేరు రాయించుకుంది.

నిరుడు చలికాలంలో బాలవ్వ ఇంటికి వెళ్లింది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. రొమ్ము కేన్సర్ ముదిరి పుండు పడింది. వాసన భరించలేక ఆమె మంచాన్ని ఇంటి వెనక కొట్టంలో వేశారు. కోడలు జ్యోతిరాణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అన్నం గిన్నె గడప దగ్గరే పెట్టి పోతోంది.

“నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా? నా వాసన నాకే పడ్తలేదు,” అంది బాలవ్వ గోడవైపు తిరిగి.

“వాసన పోతదవ్వా. జర చూడనియ్యి.”

అనసూర్య గోరువెచ్చని ఉప్పునీళ్లతో అతుక్కుపోయిన గుడ్డను మెల్లగా తడిపి తీసింది. పుండు కడిగి, డాక్టరు రాసిచ్చిన మాత్ర నూరి పొడి చల్లింది. జ్యోతిరాణి గుమ్మంలోనే నిలబడింది.

“రోత గాదక్కా, భయం. ముట్టుకుంటె నొప్పయితదేమో అని.”

“నేను గూడ మా ఆయన అరుస్తుంటె చెవులు మూసుకుని బయట నిలబడ్డ. ఎట్ల ముట్టుకోవాల్నో నాకెవ్వరు చెప్పలే. నీకు నేను చెప్త, రా.”

జ్యోతిరాణి వచ్చింది. మొదటిరోజు నీళ్ల గిన్నె పట్టుకుంది. మూడోనాటికి తనే కడిగింది. వాసన తగ్గింది. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందుతో బాలవ్వకు నిద్ర పట్టింది.

పదో రోజు అనసూర్య వెళ్లేసరికి కొట్టం ఖాళీగా ఉంది. గబగబా ఇంటివైపు నడిచింది. అంతలో ముందర అర్రలోంచి, వీధివైపు గదిలోంచి, నవ్వులు వినపడ్డాయి. బాలవ్వ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ ఒళ్లో చాటలతో బీడీలు చుడుతున్న ఆమె పాత జట్టు.

“దారం గింత వదులుగ గడ్తరా లస్మవ్వా? సేటు వాపసు కొడ్తడు!” అని బాలవ్వ గదమాయిస్తోంది.

అనసూర్య గడపలోనే కూలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

రెండు నెలలకు, పట్టపగలు, కోడలి ఒళ్లో తల పెట్టుకుని బాలవ్వ కన్నుమూసింది. ఒక్క అరుపు లేదు. దినాలయ్యాక అనసూర్య మళ్లీ వెళ్లింది, ఈసారి జ్యోతిరాణి కోసం.

“కొట్టంల ఏసినం గదక్కా,” అని ఏడ్చింది జ్యోతిరాణి.

“ముందర అర్రకు తెచ్చింది గూడ నువ్వే. అవ్వకు గా సంగతి తెలుసు.”

మొన్న ఎండాకాలం జ్యోతిరాణి నుంచి ఫోన్ వచ్చింది. “అక్కా, మా వాడల రామచంద్రం తాతకు గిసొంటి పుండే. ఇంట్లోళ్లు పరేషాన్ల ఉన్నరు. నేను కడిగి కట్టు కట్టిన. నువ్వు డాక్టరు సార్‌ను తోల్కరా.”