తాయారత్త పైదవడ

మా మేనత్త తాయారుకి కుడివైపు పైదవడలో రెండు పళ్ళు ఊడిపోయి చాలా ఏళ్ళయింది. ఊడినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడతో సహా. ఎడమవైపు నమిలేది. అటువైపు కూడా నొప్పులు మొదలయ్యాక నమలడమే మానేసి, చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి పని చేసుకునేది. మనిషి సగమైపోయాక గానీ కొడుకు ధర్మేంద్రకి తల్లి పళ్ళ సంగతి గుర్తు రాలేదు.

ధర్మేంద్ర నాకు బావ. భోగాపురం దగ్గర విమానాశ్రయం పనులు మొదలైనప్పుడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి మెస్సు పెట్టాడు. మెస్సు అతనిది, చాకిరీ అత్తది. తెల్లారకముందు ఇడ్లీ పిండితో మొదలుపెట్టి, రాత్రి గిన్నెలు బోర్లించేదాకా ఆవిడే. అన్నం ఉడికిందా, ఉప్పెక్కడుంది, గ్యాసు బండ ఎప్పుడొస్తుంది, నా చొక్కా ఏది? ఆ షెడ్డులో ఎవరికి ఏం కావాలన్నా "అమ్మా" అని ఒక కేక వేస్తారు. తినడానికొచ్చే కూలీలు కూడా అంతే. అరవై దగ్గరపడిన మనిషి అందరికీ జవాబులు చెప్తూ తిరుగుతుంటే చూసి నాకు ఒళ్ళు మండేది. ఓసారి బావనే అడిగేశాను. "మాయమ్మకి పనుంటేనే బాగుంతాది" అన్నాడు. ఆవిణ్ణి అడిగి చెప్పిన మాట కాదది.

నేను విజయనగరంలో ధనరాజ్ గారనే పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుని. రోజంతా జనం నోళ్ళలోకి లైటు పట్టుకుని నిలబడడం నా ఉద్యోగం. అందుకని అత్తని మా క్లినిక్‌కే తీసుకొచ్చాడు బావ. మొదట తీసి పెట్టుకునే ప్లేటు పళ్ళు చేసిచ్చారు. వారం తిరక్కుండా అత్త వాటిని గుడ్డలో చుట్టి పప్పు డబ్బాల వెనక పడేసింది. "అంగుట్లో అడ్డంగా ఉంతన్నాది" అంది. ప్లేటు అంగిటిని కప్పేస్తుంది, నిజమే. కానీ అసలు కారణం నాకు తెలుసు. అంగిట్లో చోటు లేకపోతే అడ్డపొగ తాగడం కుదరదు.

చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడమే అడ్డపొగ. వానలో నాట్లేసే ఆడవాళ్ళకి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని అలవాటైందంటారు. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళు చాలామందికి ఉండేది. అత్తకి వాళ్ళమ్మ దగ్గర అంటుకుంది.

డాక్టరు గారు మొదటిసారి అత్త నోరు తెరిపించగానే ఈ అలవాటు కనిపెట్టేశారు. అంగిలి తెల్లబడి తోలుకట్టి ఉంది. ఇప్పటికి భయం లేదు గానీ ఇకమీదట చూపించుకుంటూ ఉండాలన్నారు. ప్లేటు కుదరలేదని తెలిశాక, ఎముకలోకి స్క్రూ దించి దాని మీద పన్ను కడదామని ఎక్స్‌రే చూపించి బావకి వివరంగా చెప్పారు. పళ్ళు పోయిన చోట ఎముక అరిగిపోయింది. దాని పైనుండే సైనస్, అంటే గాలి గది, కిందికి దిగిపోయింది. స్క్రూ నిలబడాలంటే ఆ గది అడుగు పొరని పైకెత్తి, కింద ఎముక పొడి నింపాలి. పాత పద్ధతిలో అయితే పక్కనుంచి చిగుళ్ళు కోసి ఎముకలో కిటికీ తెరుస్తారు. వాపూ నొప్పీ ఎక్కువ. ఇప్పుడు పన్నుండే చోటే సన్నటి రంధ్రం చేసి, అందులోంచి చిన్న బుడగ పంపి, నీళ్ళతో ఉబ్బించి పొరని మెల్లగా లేపుతున్నారు.

"ఏ పద్దతిలో ఐతే అమ్మ బేగి పనిలోకొస్తాదో అది సేసీండి సార్" అన్నాడు బావ.

"ఏ పద్ధతైనా చుట్ట మానాలి. పొగ తగిలితే ఎముక కట్టదు, స్క్రూ ఊడి చేతికొస్తుంది. ఎముక గట్టిపడేదాకా ఆరు నెలలు ముట్టుకోకూడదు" అన్నారు డాక్టరు గారు.

"మానీగల్ను బాబూ" అంది అత్త. అక్కడున్నవాళ్ళం ఎవరమూ నమ్మలేదు.

బుడగ పద్ధతిలోనే పొర లేపి స్క్రూ దించారు. ఆ పని జరుగుతుండగానే అత్త నిద్రపోయింది. దవడకి మత్తిచ్చారంతే, మనిషికి కాదు. నోట్లో రంధ్రం చేస్తుంటే గురక పెట్టి నిద్రపోయిన మనిషిని తను చూడలేదని డాక్టరు గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కుర్చీలో వెనక్కి వాలడమే ఆవిడకి ఎన్నాళ్ళకో దొరికిన సుఖం.

రెండు వారాలు బరువులెత్తకూడదు, ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, వంట పొగ దగ్గరికి పోకూడదు. బావ దగ్గర ఇవేవీ జరగవని అత్తని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. దొంగని కాసినట్టు కాశాను. ఆవిడ పడుకున్నాక రొంటిన కూడా వెతికాను, ఏమీ లేదు. తిన్నది, పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. తరవాత్తరవాత వరండాలో కూర్చుని రోడ్డు చూసేది. చుట్ట ఊసే లేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"సుట్ట మీద మోజేటే నాకు" అంది. "నోట్లో నిప్పున్నంతసేపూ నన్నెవులూ మాటాడమనరు. పిలిసినా పలకనక్కర్నేదు. ఆ కాసేపే నాది. ఇక్కడ నన్నెవులు పిలుస్తన్నారు?"

నాకు ఏడుపొచ్చింది. బావ మీద కోపం కూడా వచ్చింది. ఉలుకూ పలుకూ లేకుండా కాసేపు కూర్చోడానికి ఈ మనిషి ఇన్నేళ్ళూ నోట్లో నిప్పు పెట్టుకుంది.

గడువయ్యాక డాక్టరు గారు మళ్ళీ ఎక్స్‌రే తీసి మురిసిపోయారు. "స్క్రూ ఎంత బాగా నిలబడిందో చూడండమ్మా. చుట్ట ముట్టకండి, అంతే. రేపట్నుంచి మీ పని మీరు చేసుకోవచ్చు" అన్నారు. ఆయన మంచికే చెప్పారు. అత్త "అలాగే బాబూ" అంది గానీ, కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

బయట మెట్ల మీద కూలబడి, "ఈ సందులో సుట్టలమ్మే కొట్టేదైనా ఉన్నాదేటే?" అని అడిగింది.

తిడదామని నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూశాక తిట్టలేకపోయాను. వెలిగిస్తే పడ్డ కష్టమంతా బూడిదే. వెలిగించకుండా ఆ షెడ్డులో ఒక్కరోజు కూడా ఉండడం ఆవిడ వల్ల కాదు. ఇంతలో నా ఫోను మోగింది. బావ.

"డాక్టరు సూసీసినాడా? మజ్జాన్నం బస్సెక్కించీ. రేపు మంది ఎక్కువున్నారు. ఓసారి అమ్మకియ్యి, సాంబారు పొడెక్కడెట్టిందో అడగాల."

"ఇవ్వడానికి అవదు బావా" అన్నాను. "అత్త మాటాడకూడదు. లోపల పొర ఇంకా అతుక్కోనేదంట. బరువులెత్తకూడదు, పొయ్యి దగ్గరికెల్లకూడదు, ఎవులూ పిలవకూడదు. ఇంకో రెండు నెల్లు నా దగ్గరే ఉంచమన్నారు."

"కొత్త పద్దతన్నాడు గదేటి" అని గొణిగాడు. నేను ఫోను పెట్టేశాను.

అత్త నన్నే చూస్తోంది. కన్నకొడుక్కి అబద్ధం చెప్పానని తిడుతుందనుకున్నాను.

"రెండు నెల్లేనేటే?" అంది.