స్పీకరుకు ఆనిన రెండు డిస్కులు: సీతమ్మధార నుంచి అచ్యుతాపురం

ఈ ప్రయాణం 2009 వానాకాలంలో, ఒక ఆదివారం చేశాను. సీతమ్మధారలో మా పై వాటాలో ఉండే రమణి గారు భౌతికశాస్త్ర పరిశోధకురాలు. ఆవిడ పని మ్యూయాన్ అనే కణం మీద. అది ఎలక్ట్రాన్‌ లాంటిదే, బరువు ఎక్కువ. చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. దాని చుట్టూ క్షణంలో పుట్టి మాయమయ్యే క్వార్కులనే అతి చిన్న కణాలు ఆ అయస్కాంత బలాన్ని అతి స్వల్పంగా మారుస్తాయి. ఎంత మారుస్తాయో కాగితం మీద తేలదు. స్థలాన్నీ కాలాన్నీ గళ్ళుగా విడగొట్టి కంప్యూటర్లతో లెక్క కట్టించాలి. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ పాత విద్యార్థి సురేష్, సెలవు రోజు ఖాళీగా ఉండే అక్కడి కంప్యూటర్లను సోమవారం మొదటి షిఫ్టు దాకా వాడుకోవడానికి అనుమతి తెచ్చాడు. అది ఆ ఒక్కసారికే. ఏడాదిగా తయారుచేసిన గళ్ళ ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. నకలు ఉన్న కంప్యూటరు పిడుగుపాటుకు కాలిపోయింది. విలేకరిని కాబట్టి, దీని మీద వార్త రాయొచ్చని నేనూ బయలుదేరాను.

బస్సులో అయితే ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి అనకాపల్లి వెళ్ళి, అక్కడ మారాలి. ఖర్చు తక్కువే గానీ డిస్కులతో ఆ తోపులాట వద్దని ఆవిడ రానూపోనూ ఆరు వందలకు ఆటో మాట్లాడారు. డ్రైవరు అప్పలరాజుది జాలరిపేట. ఇంట్లో మిగతా మగవాళ్ళంతా చేపల వేటకు వెళ్తారు.

"నువ్వెందుకు వెళ్ళవు?" అని అడిగాను.

"ఎల్లీవోన్ని బాబూ. ఇప్పుడు గాజువాక రోడ్డెక్కాక తెలిసింది, సముద్రవే నయవని," అన్నాడు.

గాజువాక దాటాక వాన పెరిగింది. స్టీల్ ప్లాంటు వైపు లారీలు అరచెయ్యంత దూరంలో దూసుకుపోతున్నాయి. పట్టా పక్కకు కొట్టుకుపోయి జల్లు లోపలికి వస్తోంది. రాజు ఆటో ఆపి, రమణి గారి ఒళ్ళోంచి డిస్కుల సంచి అందుకుని సీటు వెనక అరుగు మీద పెట్టాడు. "ఇక్కడైతే తడవదు మేడం." ఆటోలో మోగుతున్న పాటల జోరు తగ్గకుండానే లంకెలపాలెం చేరాం. టీ తాగడానికి ఆగినప్పుడు ఆవిడ సంచి కోసం వెనక్కి తిరిగి, చెయ్యి చాపి ఆగిపోయారు.

"రాజూ, ఈ పెట్టె ఏమిటి?"

"స్పీకర్లండి. పెద్దయి. మా బావ బిగించాడు."

సంచి వాటికే ఆని ఉంది. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. డిస్కు మీద రాత కూడా అయస్కాంతపు రాతే. "ఏమీ అయి ఉండదేమో," అన్నాను.

"ఆ 'ఏమో'కే నా భయం," అన్నారు రమణి గారు. టీ ముట్టలేదు. అక్కడి నుంచి పాటలు లేవు. సంచి ఆవిడ ఒళ్ళోనే ఉంది.

అచ్యుతాపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. సురేష్ గేటు దగ్గరే ఉన్నాడు. సంగతి విని, "అన్ని ఫైళ్ళూ పరీక్షిస్తే సాయంత్రమైపోతుంది మేడం. లెక్క పూర్తికాదు. ఈసారికి పరీక్ష వదిలేద్దామా?" అన్నాడు.

వదిలేస్తే, చెడ్డ ఫైళ్ళతో వచ్చిన జవాబును ఆవిడే నమ్మలేరు. పరీక్షిస్తే, సమయం చాలదు. ఆవిడ డిస్కులు అతని చేతిలో పెట్టి, "పరీక్షించు," అన్నారు.

పద్ధతి తేలికే. ఫైలు తయారైనప్పుడే అందులోని గళ్ళ నుంచి ఒక సగటు తీసి, మొదట్లో రాసిపెడతారు. ఇప్పుడు మళ్ళీ లెక్కకట్టి రెండూ పోలుస్తారు. తెర మీద అంకెలు ఒక్కొక్కటే కలుస్తూ వచ్చాయి. రాజు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అన్నం తినమన్నా వెళ్ళలేదు.

"పాడైతే నానేటి సెయ్యాలి సారూ? కొనిచ్చీమంటే ఎంతవుద్ది?"

"కొంటే దొరికేది కాదు," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మొదటి డిస్కు బాగానే ఉంది. రెండో డిస్కులో చివరికి వచ్చేసరికి ఒక ఫైలు కలవలేదు. సురేష్ ఆ ఫైలు తెరిచాడు. సగం దాకా అంకెలున్నాయి, తర్వాతంతా సున్నాలే.

రమణి గారు దగ్గరికి వంగి చూశారు. "అయస్కాంతం ఇంత శుభ్రంగా తుడవదు. రాస్తుండగా కరెంటు పోయింది. ఇది మా ఇంట్లోనే పాడైంది."

"అయితే నా స్పీకర్లు కాదా మేడం?"

"కాదు రాజూ. వెళ్ళి అన్నం తిను."

ఆవిడ ఆ ఫైలు తీసేసి, మిగిలినవాటితో లెక్క మొదలుపెట్టించారు. తెల్లారేలోగా అది సగమే అవుతుంది. "అనిశ్చితి అనుకున్నదానికంటే ఎక్కువ వస్తుంది. అంతే రాస్తాను," అన్నారు.

తుపాన్లూ ప్రమాదాలూ రిపోర్టు చేసినవాణ్ణి. భయం మనిషిని తొందరపెట్టడమే ఎక్కువగా చూశాను. ఆ రోజు మేం భయపడింది అసలు తప్పే లేని వస్తువుకు. అయినా ఆ భయం లేకపోతే సున్నాల ఫైలు ఎవరికీ తెలియకుండా సగటులో కలిసిపోయేది. తిరుగు ప్రయాణంలో నా వార్త కోసం వెతికిన వాక్యం ఇదే: మంచి జవాబు పోయింది, తప్పు జవాబు రాలేదు. ఈ దారిలో డిస్కులు తీసుకెళ్ళేవారికి ఒక్క మాట: సంచి పైపైన తడిసినా ఒళ్ళోనే ఉంచుకోండి, చేరాక తెరిచి చూసుకోవడానికి ఒక పూట విడిగా పెట్టుకునే బయలుదేరండి.