హాయికి మూడు ట్రయళ్లు

ట్రయల్ వేయనిదే దర్జీ బాబాయి తుమ్మనైనా తుమ్మడు. నలభై ఏళ్లుగా కోట్లు కుట్టిన చెయ్యి. ముందు కచ్చాకుట్టు, ఒంటి మీద చూశాకే పక్కాకుట్టు. ఆ అలవాటు కొట్టు దాటి ఇంట్లోకీ వచ్చేసింది. పన్ను పీకించుకోవాలంటే ముందురోజే వెళ్లి, డాక్టరు కుర్చీలో కాసేపు నోరు తెరుచుకుని కూర్చుని వచ్చేస్తాడు. తన పెళ్లికి కూడా ఒకరోజు ముందే వచ్చి నిలబడ్డాడని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషి దగ్గర అన్నకూతురు నోరు జారింది.

"సంతకాల పెళ్లి అయిపోయిందిగా బాబాయ్! రిసెప్షన్ సముద్రం ఒడ్డున పెట్టుకుంటాం. స్టేజీ లేదు, హడావుడి లేదు. అందరూ హాయిగా కూర్చోవడమే."

"ట్రయల్ వేయకుండా హాయిగా ఎలా ఉంటారే?"

ఆమె స్టేజీ వద్దనడానికి కారణం వాళ్ల నాన్న. పోస్టాఫీసు వెనకగదిలో ఉత్తరాలు సర్దే ఆయనకు నలుగురిని చూస్తే నాలుక పిడచగట్టుకుపోతుంది. కూతురు బడిలో బహుమతులు అందుకున్నప్పుడల్లా ఆయన బయట సైకిళ్ల దగ్గరే నిలబడ్డాడు. ఈసారైనా నాన్న తన పక్కన నిలబడి రెండు ముక్కలు మాట్లాడాలని ఆమెకు కొండంత ఆశ. పైకి మాత్రం అడగలేదు. అడిగితే ఆయన అసలు రావడమే మానేస్తాడని భయం.

మొదటి ఆదివారం బాబాయి సముద్రం ఒడ్డున పది కుర్చీలు వేయించి, మెడలో టేపుతో నిలబడ్డాడు.

"మూడు అనేసరికి అందరూ హాయిగా ఉండాలి. ఒకటి... రెండు..."

పెద్దత్త అప్పటికే గుర్రు పెడుతోంది.

"చూడండి, ఆవిణ్ణి చూసి నేర్చుకోండి! అన్నయ్యా, నువ్వొచ్చి ఈ మైకు ఎత్తు సరిపోయిందో లేదో చూడు. ఏదో ఒకటి అను."

నాన్న మైకుతో కాక తన చెప్పులతో మాట్లాడుతున్నట్టు "ఒకటి, రెండు" అన్నాడు. బాబాయి మైకు స్టాండు మీద సుద్దతో ఓ గీత గీశాడు.

రెండో ఆదివారం కుర్చీలు ఇరవై. ఓ పెద్ద అల వచ్చి అందరినీ మోకాళ్ల దాకా తడిపి పోయింది. మళ్లీ మైకు ఎత్తు. నాన్న ఈసారి నోటికొచ్చిన వీధుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పాడు. మూడో ఆదివారం బాబాయి ఊళ్లో ఉన్న దర్జీలందర్నీ వెంటేసుకొచ్చాడు. మళ్లీ మైకు ఎత్తే.

"హాయిగా ఉండటానికి ఇంత చాకిరీయా బాబాయ్!" అని పెళ్లికూతురు చిరాకుపడింది.

"బిగుతు ఎక్కడుందో చూసుకోవద్దటే?"

అసలు రోజు రానే వచ్చింది. రెండొందల మంది ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నాన్న తమ్ముడి చొక్కా పట్టుకుని లాగాడు.

"ఒరేయ్, ఇదీ ట్రయలేగా?"

"ట్రయలే అన్నయ్యా. బిగుతుగా ఉంటే వదులు చేద్దాం."

రెండొందల మంది కళ్లెదుట ఉండగా ఆయన ఆ అబద్ధాన్ని హాయిగా నమ్మేసి, కూతురి పక్కకు వెళ్లి మైకు అందుకున్నాడు.

"మా అమ్మాయికి బహుమతులిచ్చినప్పుడల్లా నేను సైకిళ్ల దగ్గరే ఉండేవాణ్ణి. అక్కణ్ణుంచే చప్పట్లు కొట్టేవాణ్ణి. దానికి వినపడేది కాదనుకుంటా."

ఆమెకు ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. కళ్లు దించుకుంటే మైకు స్టాండు మీద బాబాయి సుద్దగీత కనిపించింది. మొదటి ఆదివారం గీసిందే. మూడు వారాల్లో అరంగుళం కూడా జరగలేదు.

చప్పట్లు ఆగాక ఆమె బాబాయిని పట్టుకుంది.

"మైకు కోసం కాదన్నమాట! నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

బాబాయి టేపు కొసతో కళ్లు ఒత్తుకున్నాడు.

"చెబుదామనే అనుకున్నానే. దానికి ట్రయల్ వేసుకోలేదు."